డాక్టర్ ఎ.ఎస్. రావు - మన ఎలక్ట్రానిక్స్ పెద్దాయన

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని ట్యూటర్ సార్ ఫోన్ చేశారు. మన సంచికలో ప్రతి ఏడాదీ అంబేడ్కర్ గారి గురించి, పూలే గారి గురించి, జాషువా గారి గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. వారు నడిచిన దారి లేకపోతే ఈ హాస్టలూ లేదు, ఈ సంచికా లేదు. అయితే ఈసారి మన పేజీల్లో ఎప్పుడూ కనిపించని ఒక పేరు రాద్దామనిపించింది. ఎందుకనిపించిందో ముందు చెబుతాం.

కిందటి ఏడాది ఒక పరీక్ష రాయడానికి హైదరాబాదు వెళ్ళి మన హాస్టల్ సీనియర్ అన్న గదిలో దిగాం. గది ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా దగ్గర. ఆ పక్క కాలనీ పేరు ఎ.ఎస్. రావు నగర్. సిటీ బస్సుల మీద కూడా ఆ పేరే. పొద్దున టీ తాగుతూ ఆ రావుగారు ఎవరని అక్కడున్నవారిని అడిగాం. ఒకాయన సినిమా నిర్మాత అన్నాడు. ఇంకొకాయన, ఆ భూములన్నీ ఆయనవే, ప్లాట్లు వేసి అమ్మాడన్నాడు. మా అన్నకు తెలియదు. ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మాకూ తెలియదు. ఆ రోజు నిజంగా సిగ్గేసింది. తిరిగి వచ్చాక లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

మన హాస్టల్ ఫోను

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మేము ఎ.కొండూరు హాస్టల్లో ఉన్న రోజుల్లో పిల్లలందరికీ కలిపి ఒకటే ఫోను. అది వార్డెన్ సార్ జేబులో ఉండే సెల్లు. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మానాన్నలు మామిడి తోటల్లో కూలి పని ముగించుకుని వచ్చి, ఎవరి ఫోనో అడిగి పుచ్చుకుని, సార్‌కు మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్ళు. సార్ తిరిగి చేసేవారు. సిగ్నల్ సరిగా దొరికేది డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గరే. అక్కడ వరసలో నిలబడి, ఒక్కొక్కరం రెండేసి నిమిషాలు మాట్లాడేవాళ్ళం. అన్నం తిన్నావా అని అమ్మ అడిగేది. తిన్నానని చెప్పేలోపు కట్ అయిపోయేది.

2020లో కరోనా వచ్చింది. కాలేజీలు, హాస్టళ్ళు మూసేశారు. పాఠాలు ఫోనులో అన్నారు. మా ఇంట్లో ఉన్నది మీటల ఫోను. పెదనాన్న కొడుకు దగ్గర అడిగి పుచ్చుకున్న టచ్ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్ళం. మాతో హాస్టల్లో పదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు స్నేహితులకు ఆ గుట్ట కూడా దొరకలేదు. ఒకడు మిరప కోతలకు వెళ్ళాడు, ఇంకొకడు ఆటో ఎక్కాడు. మళ్ళీ చదువుకు రాలేదు. తెలివిలో వాళ్ళు మాకంటే తక్కువ కాదు. తరగతికీ వాళ్ళకూ మధ్య అడ్డం పడింది ఒక పరికరం, ఒక సిగ్నల్.

అప్పటి నుంచి మా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. ఆ టవరు మీది పెట్టెలు ఎవరు చేస్తారు? ఎవరి అవసరం చూసి చేస్తారు? పీజీలో చేరాక వాటి మీది పేర్లు చదవడం వచ్చింది. ఒకటి స్వీడన్‌ది, ఒకటి ఫిన్లాండ్‌ది, ఒకటి చైనాది, ఒకటి కొరియాది. మనవాళ్ళు ఎప్పుడూ ప్రయత్నం చేయలేదా అనుకున్నాం. చేశారు. ఎలక్ట్రానిక్స్‌లో ఆ ప్రయత్నం చేసిన పెద్దల్లో ముందు వరసలో ఉన్నవారు మన తెలుగు పల్లెలో పుట్టిన రావుగారు.

మోగల్లు నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914 సెప్టెంబరు 20న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం ప్రాంతంలోని మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు కూడా అదే. ఒకే ఊరి పేరు దేశానికి రెండు విధాల వినిపించిందన్నమాట. ఒకటి మన్యం తిరుగుబాటుతో, ఇంకొకటి ఎలక్ట్రానిక్స్‌తో.

పై చదువుకు రావుగారు కాశీ వెళ్ళారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చేసి, అక్కడే ఎలక్ట్రానిక్స్ బోధించారు. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్స్ అంటే రేడియో, వాల్వులు. ట్రాన్సిస్టర్ ఇంకా పుట్టలేదు. గాజు బుడ్డిలాంటి వాల్వు వేడెక్కితేగాని రేడియో పలికేది కాదు. దేశంలో ఆ సబ్జెక్టు చెప్పే చోట్లే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

1940ల మధ్యలో ఆయనకు టాటా వారి ఉపకార వేతనం వచ్చింది. దానితో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు 1939లో ఆ ఊళ్ళోనే ఒక కారు షెడ్డులో కొలత పరికరాల కంపెనీ పెట్టారు. తరగతి గదిలో నేర్చుకున్నది ఫ్యాక్టరీలో వస్తువుగా మారే దారి ఆ చుట్టుపక్కల అప్పటికే పడుతోంది. తర్వాత ప్రపంచం దాన్ని సిలికాన్ వ్యాలీ అని పిలిచింది. రావుగారు తలచుకుంటే అక్కడే ఉండిపోగలిగేవారు. ఉండలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి తిరిగి వచ్చి, హోమీ భాభా గారి దగ్గర చేరారు.

రేకుల షెడ్డులో అణు రియాక్టర్ మెదడు

భాభా గారు 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ స్థాపించారు. 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. అణు పరిశోధన చేయాలంటే ముందు కంటికి కనపడని కణాలను లెక్కపెట్టాలి. దానికి కౌంటర్లు కావాలి, ఆంప్లిఫయర్లు కావాలి, కొలత పరికరాలు కావాలి. అవన్నీ విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. డబ్బుంటే సరిపోదు. అణుశక్తికి సంబంధించిన పరికరం అనగానే అమ్మేవాడు సవాలక్ష ఆంక్షలు పెడతాడు. చెడిపోతే బాగుచేసే దిక్కు ఉండదు.

అందుకే పరికరాలు ఇక్కడే చేసుకోవాలని భాభా నిర్ణయించారు. ఆ పని రావుగారి మీద పడింది. చిన్న బృందంతో మొదలుపెట్టారు. శాస్త్రవేత్తకు ఒక పరికరం కావాలంటే, ఈ బృందం దాన్ని గీసి, అతికి, పరీక్షించి ఇచ్చేది. ఒకటి చేయడం వచ్చాక పది చేయడం నేర్చుకున్నారు. అట్లా ప్రయోగశాల లోపలే ఒక ఉత్పత్తి విభాగం పుట్టింది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. ఆసియాలో, సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే, మొదటి రియాక్టర్ అది. దాని ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. కానీ దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ కంట్రోల్ వ్యవస్థ రావుగారి బృందం చేసింది. రియాక్టర్ లోపల న్యూట్రాన్లు ఎంత వేగంగా పెరుగుతున్నాయో క్షణక్షణం కొలవాలి. హద్దు దాటేటట్లుంటే కంట్రోల్ కడ్డీలు దించి వెంటనే ఆపేయాలి. అందులో పొరపాటుకు తావు లేదు. ముంబైలోని తాత్కాలిక షెడ్లలో కూర్చుని మనవాళ్ళు ఆ వ్యవస్థను నిర్మించారు. ప్రభుత్వం 1960లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1965లో ఇంజనీరింగ్ విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది.

నలుగురిలో ఇద్దరు తెలుగువారు

1962లో చైనాతో యుద్ధం జరిగింది. కొండల్లో మన సైనికుల దగ్గర చాలినన్ని మంచి వైర్‌లెస్ సెట్లు లేవు. కబురు అందక జరిగే నష్టం తుపాకీ గుండు చేసే నష్టానికి తక్కువేమీ కాదని దేశానికి తెలిసివచ్చింది. 1963లో ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు భాభా. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు.

ఈ భగవంతం గారు ఎవరో మన ప్రాంతం వాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయన పుట్టింది అప్పటి కృష్ణా జిల్లాలో, నూజివీడు దగ్గరి ఆగిరిపల్లిలో. సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేసి, అప్పటికి రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. మనం మామిడికాయల లారీలు పోయేటప్పుడు చూసే ఊరి పేరు అది. దేశం ఎలక్ట్రానిక్స్ భవిష్యత్తు తేల్చిన నలుగురిలో ఇద్దరు తెలుగు పల్లెల నుంచి వెళ్ళినవారు.

ఆ కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. విదేశీ కంపెనీ ఇచ్చిన బొమ్మ చూసి బిగించడం పరిశ్రమ కాదని, పరిశోధన, డిజైన్, ఉత్పత్తి మూడూ మన చేతిలో ఉండాలని దాని సారాంశం. పదేళ్ళలో సొంత కాళ్ళ మీద నిలబడాలని లక్ష్యం పెట్టారు. కానీ అదే సంవత్సరం జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి భాభా చనిపోయారు. కాగితం మీది మాటను కర్మాగారంగా మార్చే బాధ్యత మిగిలినవాళ్ళ మీద పడింది.

ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. మనం పొట్టిగా ఇ.సి.ఐ.ఎల్. అంటాం. అణుశక్తి శాఖ కింది సంస్థ. ట్రాంబే ఉత్పత్తి విభాగమే దానికి విత్తనం. రావుగారు దాన్ని మొదటి నుంచీ నడిపించి, 1978 వరకు నాయకత్వం వహించారు.

ఆ రోజుల్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టాలంటే చాలామంది చేసే పని ఒకటే. ఏదో ఒక విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకుని, వాళ్ళ డ్రాయింగులు తెచ్చుకోవడం. ఇ.సి.ఐ.ఎల్. ఆ దారిన పోలేదు. ట్రాంబేలో, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మన శాస్త్రవేత్తలు కనిపెట్టిన వాటినే వస్తువులుగా మార్చింది. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ వ్యవస్థలు, కొలత పరికరాలు, రేడియో భాగాలు, యాంటెన్నాలు, టెలివిజన్లు చేసింది. 1969లో టి.డి.సి. 12 అనే కంప్యూటర్ తెచ్చింది. ఆ పేరుకు అర్థం ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత 1970లలో టి.డి.సి. 312, టి.డి.సి. 316 వచ్చాయి. ఆ పదేళ్ళూ మన దేశంలో కంప్యూటర్లు తయారుచేసిన ప్రధాన సంస్థ ఇదే.

ఇక్కడ ఒక మాట. హైదరాబాదుకు కంప్యూటర్లు 1990లలో వచ్చాయని మనలో చాలామంది అనుకుంటారు. హైటెక్ సిటీ కట్టడానికి పాతికేళ్ళకు పైగా ముందే ఆ ఊళ్ళో కంప్యూటర్లు తయారయ్యాయి. వాడటం కాదు, తయారుచేయడం. 1972లో రావుగారికి పద్మభూషణ్ వచ్చింది.

పల్లె బడి ముందు టీవీ

మాకు అన్నిటికంటే బాగా నచ్చిన ఘట్టం ఇది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. పేరు సైట్. అమెరికా ఉపగ్రహం ఎ.టి.ఎస్. 6 ను ఏడాదిపాటు అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టెలివిజన్ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి సంగతులు. మనవాళ్ళకు తెలుగులోనే.

ఆ పల్లెల్లో చాలావాటికి అప్పటికి మంచి రోడ్డు కూడా లేదు. అంతవరకు టెలివిజన్ అంటే పట్నం వాళ్ళ వస్తువు. అహ్మదాబాదులోని ఇస్రో కేంద్రం, ఉపగ్రహం పంపే సంకేతాన్ని అందుకునే పరికరాన్ని డిజైన్ చేసింది. కోళ్ళ గూటికి వాడే వల లాంటి తీగ వలతో పది అడుగుల గొడుగు యాంటెన్నా. కింద సంకేతాన్ని మార్చే చిన్న పెట్టె. దానికి కలిపి టీవీ. ఈ సెట్లు తయారుచేసి ఇచ్చింది ఇ.సి.ఐ.ఎల్. దుమ్ములో, ఎండలో, తక్కువ వోల్టేజీలో కూడా పనిచేయాలి. ఊళ్ళో మెకానిక్ ఉండడు. పెట్టెను బడిలోనో పంచాయతీ ఇంటి దగ్గరో పెడితే ఊరంతా కింద కూర్చుని చూడాలి.

చూడండి, ఇక్కడ లెక్క తిరగబడింది. పట్నం వాడికి చేసిన వస్తువును పల్లెకు అంటగట్టలేదు. ముందు పల్లెను చూసి, తర్వాత వస్తువును చేశారు. 2020లో మా గుట్ట మీద మాకు లేనిది అదే. 45 ఏళ్ళ ముందు పల్లె బడికి ఆకాశం నుంచి పాఠం దింపిన దేశంలో, మా స్నేహితులు సిగ్నల్ లేక చదువు మానేశారు. మధ్యలో ఏం జరిగింది?

తర్వాత ఏం జరిగింది

ముందు నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. రావుగారి దారి మీద విమర్శలున్నాయి. ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు ఖరీదెక్కువని, ఆర్డరిచ్చిన చాలా కాలానికి గాని అందవని, లోపలి భాగాలు కొన్ని దిగుమతి చేసుకోక తప్పలేదని అప్పట్లోనే అన్నారు. ప్రభుత్వ రక్షణలో, పోటీ లేని సంతలో అమ్ముకున్న సరుకు ప్రపంచ వేగాన్ని అందుకోలేదన్నారు. ఈ విమర్శల్లో నిజం ఉంది. కానీ దానికి మందు పరిశోధన పెంచడమా, దిగుమతి పెంచడమా అన్నది అసలు ప్రశ్న. 1980ల నుంచి దేశం ఎక్కువగా రెండో మందే తాగింది. బయటి నుంచి కిట్లు తెచ్చి బిగించిన రంగుల టీవీలు, కంప్యూటర్లు చౌకగా వచ్చాయి. ఇ.సి.ఐ.ఎల్. టీవీ ఇళ్ళల్లోంచి మెల్లగా మాయమైంది.

టెలిఫోను కథ కూడా ఇంతే. 1948లోనే బెంగళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ పెట్టారు. 1984లో సి-డాట్ అనే పరిశోధన సంస్థ వచ్చింది. 36 కోట్ల రూపాయలు, 36 నెలల గడువు ఇచ్చి మన సొంత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి చేయమన్నారు. అక్కడి కుర్ర ఇంజనీర్లు 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి చేశారు. ఏసీ గది అక్కర్లేదు. మన ఎండకు, దుమ్ముకు తట్టుకుంటుంది. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదటిది పెట్టారు. ఊరూరా ఎస్టీడీ బూత్ వచ్చిందంటే ఆ ఎక్స్ఛేంజీల చలవ చాలా ఉంది. అదీ సైట్ టీవీ లాగే పల్లెను చూసి చేసిన వస్తువు.

1995లో మన దేశానికి మొబైల్ వచ్చింది. కొత్త కంపెనీలకు తొందర. ఎవడు ముందు టవర్లు వేస్తే వాడికే గిరాకీ. పరికరాలు విదేశాల్లో సిద్ధంగా ఉన్నాయి, అప్పుకు కూడా ఇస్తారు. మన ప్రయోగశాలకు ఐదేళ్ళు టైమిచ్చే ఓపిక ఎవరికీ లేదు. 1997లో మన దేశం సమాచార సాంకేతిక ఒప్పందం మీద సంతకం చేసింది. దాని ప్రకారం ఎన్నో ఎలక్ట్రానిక్ సరుకుల మీద దిగుమతి సుంకం 2005కల్లా సున్నా అయింది. ఫోన్లు చౌకగా వచ్చాయి. అది మనలాంటి పేదలకు మంచిదే, కాదనం. కానీ ఫోను చేయడం నేర్చుకునే చోటు పోయింది.

సి-డాట్ పుట్టిన మూడేళ్ళకు, 1987లో, చైనాలో హువావే అనే చిన్న కంపెనీ పెట్టారు. మొదట అది ఎక్స్ఛేంజీలు కొని అమ్ముకునే దుకాణం లాంటిది. 2023లో తన ఆదాయంలో అయిదో వంతుకు మించి పరిశోధనకే ఖర్చుపెట్టింది. మన దేశం మొత్తం, ప్రభుత్వమూ ప్రైవేటూ కలిపి, 2020-21లో పరిశోధనకు పెట్టిన ఖర్చు జాతీయోత్పత్తిలో 0.64 శాతం. రూపాయిలో ఒక పైసా కూడా నిండలేదు.

అమెరికాలో కూడా

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ప్రపంచంలో టెలికాం పరిశోధనకు గుడి లాంటిది అమెరికాలోని బెల్ ల్యాబ్స్. 1925లో పెట్టారు. 1947లో ట్రాన్సిస్టర్, 1954లో పనికొచ్చే సోలార్ సెల్, 1969లో యునిక్స్ అక్కడే పుట్టాయి. సమాచారాన్ని లెక్కకట్టే సిద్ధాంతాన్ని షానన్ గారు 1948లో అక్కడి నుంచే ప్రకటించారు. మన ఎం.ఎస్సీ. సిలబస్‌లో సగం ఆ ఒక్క ఇంటిదే.

అదెలా సాధ్యమైంది? ఆ దేశంలో టెలిఫోను దాదాపు ఒకే కంపెనీ చేతిలో ఉండేది. జనం కట్టే ఫోను బిల్లులో కొంత భాగం ల్యాబ్‌కు వెళ్ళేది. పదేళ్ళ తర్వాత పనికొచ్చే పరిశోధనకు కూడా జీతం ఆగేది కాదు. 1984లో ఆ కంపెనీని ముక్కలు చేశారు. పోటీ వచ్చింది, బిల్లులు తగ్గాయి. ల్యాబ్‌కు వచ్చే ధార కూడా తగ్గింది. 1996లో అది లూసెంట్ కంపెనీ చేతికి, 2006లో ఆల్కాటెల్-లూసెంట్ చేతికి, 2016లో నోకియా చేతికి పోయింది. 2008లో మౌలిక భౌతికశాస్త్ర పరిశోధన నుంచి తప్పుకుంటున్నట్లు యాజమాన్యమే ప్రకటించింది. కెనడాకు పేరు తెచ్చిన నార్టెల్ 2009లో దివాలా తీసింది. మూడు నెలలకొకసారి లాభం చూపించాల్సిన చోట, పదేళ్ళకు పండే చెట్టు ఎవరూ నాటరు. మామిడి తోట వేసిన రైతుకు ఇది వేరే చెప్పాలా?

మళ్ళీ మొదలు

అయినా రావుగారి చెట్టు ఎండిపోలేదు. ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఇ.సి.ఐ.ఎల్. 1979లో ఓటింగ్ యంత్రం నమూనా చేసింది. ఇప్పుడు దేశంలో ఓటింగ్ యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో అది ఒకటి. మనం ఓటు వేసే మీట వెనుక ఆ ఇంటి పని ఉంది. 2008లో చంద్రయాన్-1 తో మాట్లాడటానికి బెంగళూరు దగ్గర బ్యాలాళులో పెట్టిన 32 మీటర్ల పెద్ద యాంటెన్నా ఇ.సి.ఐ.ఎల్. చేసినదే. పల్లె బడికి పది అడుగుల గొడుగుతో పని మొదలుపెట్టినవాళ్ళు చంద్రుడి మాట వినే గొడుగు దాకా వెళ్ళారు.

టెలికాంలో కూడా కదలిక వచ్చింది. మద్రాసు ఐఐటీ నాయకత్వంలో, హైదరాబాదు ఐఐటీ కూడా కలిసి కట్టిన 5జి పరీక్షా వేదిక 2022లో మొదలైంది. టెలికాం కంపెనీల ఆదాయం నుంచి గ్రామీణ సేవల కోసం వసూలుచేసే నిధిలో ఏటా 5 శాతం పరిశోధనకు ఇచ్చే ఏర్పాటు అదే ఏడాది వచ్చింది. 2025లో బి.ఎస్.ఎన్.ఎల్. 4జి టవర్లు మన దేశంలో చేసిన పరికరాలతో ప్రారంభమయ్యాయి. సి-డాట్, తేజస్, టీసీఎస్ కలిసి చేసిన పని అది. ప్రైవేటు వాళ్ళు 5జి నడుపుతున్న కాలంలో మనం 4జి చేశామని నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వనివ్వండి. అప్సర కంట్రోల్ పెట్టెలు చేసిననాడు కూడా మనం ప్రపంచంలో మొదటివాళ్ళం కాదు. చేయడం నేర్చుకున్నాం, అంతే. ఆ నేర్చుకున్నది మధ్యలో వదిలేయకుండా ఉంటేనే లాభం.

రావుగారు 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగులు కాపురాలు పెట్టిన కాలనీకి ఆయన పేరు నిలిచింది. ఒక శాస్త్రవేత్త పేరు బస్సు బోర్డు మీద ఉండటం మన రాష్ట్రాల్లో అరుదు. బోర్డు చదివేవాళ్ళకు ఆయన ఎవరో తెలియడం ఇంకా అరుదు.

మన సంగతి

చివరగా మా ఇంటి మాట ఒకటి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. పీజీ చివరికి వచ్చింది. ఇప్పుడు మా ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి టవర్ల నిర్వహణ చూసే ఉద్యోగానిది. వచ్చే నెల నుంచే జీతం. నాన్న నడుము నొప్పికి చూపించవచ్చు, చెల్లి ఫీజు కట్టవచ్చు. రెండోది పిహెచ్.డి. ప్రవేశ పరీక్ష దరఖాస్తు. ఫెలోషిప్ వస్తే వస్తుంది, రాకపోతే లేదు. వచ్చినా సమయానికి పడదని సీనియర్లు చెబుతారు. నాలుగైదేళ్ళు పడుతుంది. పరిశోధన మీద ఇంత రాసిన మాకు కూడా ఆ రెండో కాగితం మీద సంతకం చేయడానికి చెయ్యి ఆడలేదు. దేశం పదేళ్ళు ఆగలేకపోయిందని పైన తప్పు పట్టాం. మా ఇల్లు అయిదేళ్ళు ఆగగలదా అని అమ్మను అడగడానికి పదిరోజులు పట్టింది.

అమ్మ ఎక్కువ మాట్లాడలేదు. ఆ చదువు చదివితే ఏం చేస్తారని అడిగింది. గుట్ట ఎక్కకుండానే మన ఇంట్లో ఫోను పలికేటట్లు చేసే పని నేర్చుకుంటామని చెప్పాం. ఇన్నాళ్ళూ ఆగాం కదా, ఇంకొన్నాళ్ళు ఆగుతామంది. నాన్న ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకుని బయటికి వెళ్ళాడు. ఆయన ఒప్పుకున్నాడో లేదో మాకు ఇంకా తెలియదు. దరఖాస్తు మాత్రం పంపించాం. ఫెలోషిప్ రాకపోతే టవర్ ఉద్యోగంలోనే చేరతాం. అప్పుడు కూడా ఆ పెట్టె మూత తీసి, లోపల ఏముందో చూస్తూనే ఉంటాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో చాలామందికి లెక్కలంటే, సైన్సంటే భయం. మాకూ ఉండేది. మన బడిలో ప్రయోగశాల అలమరకు వేసిన తాళం మేము తీయగా చూడలేదు. మీరు తీయించండి. పాడైపోయిన రేడియోనో, ఫోనో దొరికితే పారేయకండి. ఊడదీసి చూడండి. మళ్ళీ బిగించడం రాకపోతే సెలవులకు మేము వచ్చినప్పుడు కలిసి బిగిద్దాం. ఈసారి హైదరాబాదు వెళ్ళిన మన హాస్టల్ పిల్లలను ఎవరైనా ఎ.ఎస్. రావు ఎవరని అడిగితే, మనలో ఒక్కరైనా చెప్పగలగాలి.